పిన్ని ఎదురుచూసిన మూడో ఆట

చెప్పులు కొనుక్కుందామని క్లాంగ్‌లో ఒక మాల్‌కి వెళ్ళాను. ఎస్కలేటర్ మీద పైకి వెళ్తుంటే ఎదురుగా, రెండంతస్తుల ఎత్తున, రెండు చేతుల్లో రెండు కత్తులు పట్టుకుని ఒకడు వీపు చూపిస్తూ నిలబడి ఉన్నాడు. ఆ వీపు నాకు తెలుసు. వాడి ముఖం కంటే బాగా తెలుసు. వీడియో ఆట ఆడేవాళ్ళకి ఎప్పుడూ కనబడేది వాడి వీపే కదా. పాదాల దగ్గర ఎర్రటి అక్షరాల్లో నాలుగో భాగం త్వరలోనే వస్తుందని రాశారు.

"నువ్వింకా చావలేదేటి," అన్నాను. పైకే అన్నాను. ముందు నిలబడ్డ కుర్రాళ్ళు ఇద్దరు వెనక్కి తిరిగి చూశారు. వాళ్ళకి తెలుగు రాదు కాబట్టి వాళ్ళు బతికిపోయారు.

మా పిన్ని ఉండి ఉంటే ఆవిడను ఆ బొమ్మ ముందు నుంచి కదిల్చేసరికి సాయంత్రం అయ్యేది. కిందటేడు కిడ్నీలు పాడై చనిపోయింది. నా మటుకు ఆవిడ అంతకు చాలా ముందే, ఆ మూడో ఆట వచ్చిన రోజుల్లోనే, పోవడం మొదలుపెట్టింది. ఆ మొదలు నేను దగ్గరుండి చూశాను. ఆవిడ చూడలేదు. చూడడానికి ఒప్పుకోలేదు.

ఆవిడ మా అమ్మకి చెల్లెలు. ఇక్కడే మలేషియాలో ఒక రబ్బరు ఎస్టేట్‌లో పుట్టింది, ఫ్యాక్టరీలో పని చేసింది, పెళ్ళి చేసుకోలేదు, బంటింగ్‌లో ఒక చిన్న వరస ఇంట్లో ఒక్కతే ఉండేది. చరిత్ర ఇంతే. సంతాప సభల్లో మైకు పట్టుకుని పుట్టిన ఊరి దగ్గర మొదలుపెట్టి పెన్షను దాకా లాక్కొచ్చేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట. నేను ఆవిడ కళ్ళ గురించి చెబుతాను.

ఫ్యాక్టరీలో ఆవిడ పని మైక్రోస్కోపు కింద చిప్‌లు పెట్టి చూడడం. మంచిదైతే కుడివైపు ట్రేలో, చెడ్డదైతే ఎడమవైపు ట్రేలో. అదే పని చేసి చేసి, ఫ్యాక్టరీ మానేశాక కూడా ఏ వస్తువు చేతికిచ్చినా అలాగే చూసేది. ఎడమ కన్ను మూసి, కుడి కంటి దగ్గరికి ఎత్తి, ఒక్క క్షణం ఊపిరి బిగబట్టి, తర్వాత ఏదో ఒక వైపు పెట్టేది. వంకాయలు, బ్లౌజు గుడ్డలు, పెళ్ళి కార్డులు, అన్నీ. నా పెళ్ళి చూపుల ముందు అబ్బాయి ఫొటో ఇస్తే దాన్ని కూడా అలాగే ఎత్తి చూసి ఎడమవైపు పెట్టింది. "రిజెక్ట్ లా," అంది, ఇక్కడి అందరిలాగే మాట చివర 'లా' తగిలించి. మా అమ్మకి కోపం వచ్చింది. నేను పిన్ని మాట వినలేదు. తర్వాత జరిగినదాన్ని బట్టి చూస్తే వినాల్సింది, కానీ అది ఇక్కడి విషయం కాదు.

"నాయి ఫ్యాక్టరీ కళ్ళు గుంటా," అనేది నాతో. "పై వోళ్ళకి కానరానివి నాకు కానొస్తాయి." నాకు యాభై దాటినా ఆవిడకి నేను గుంటనే.

టీవీకి తగిలించి ఆడే ఆట పెట్టె మా అమ్మాయిది. చదువుకి పెనాంగ్ వెళ్తూ దాన్ని పిన్ని ఇంట్లో వదిలింది. నా ఇంట్లో ఉంచితే ఎవరికో ఇచ్చేస్తానని దాని భయం. ఆ భయంలో తప్పేమీ లేదు. సెలవులకి వచ్చి తీసుకుందామని వెళ్తే పిన్ని ఇవ్వలేదు. "నీకు సదువుంది కదమ్మా, ఇదెందుకు నీకు," అందట. అప్పటికే మొదటి ఆట సగం దాటింది.

నీళ్ళలో మునిగిపోయిన ఒక నగరం. అందులో రెండు కత్తులవాడు ఎవరినో వెతుక్కుంటూ తిరుగుతుంటాడు. నీళ్ళలోంచి రకరకాల జంతువులు లేచి మీద పడుతుంటాయి. ఆట పేరు ఇంగ్లీషులో ఏదో ఉంది గానీ పిన్ని ఆ పేరు ఎప్పుడూ పలకలేదు. ఆవిడకి వాడు 'మనోడు'. ప్రతి పోరాటం ముందు రెండు అరచేతులూ కట్టుకున్న కైలీ లుంగీకి తుడుచుకునేది. వాడు పక్కకి దూకితే తనూ పక్కకి ఒరిగేది. ఎంత భయంకరమైన జంతువునైనా నరికాక, వంటింట్లోకి దూరిన పిల్లిని బయటికి పంపినట్టు, "పో నాయినా, పో, ఎల్లిపో," అనేది. నేను సోఫాలో కూర్చుని నవ్వేదాన్ని. ఆవిడ నవ్వేది కాదు.

రెండో ఆట చివర మనోడు నీళ్ళలోకి దిగే మెట్ల మీద నిలబడతాడు. అడుగున ఒక తలుపు సగం తెరిచి ఉంటుంది. లోపల వెలుతురు. లోపలి నుంచి ఎవరో వాణ్ణి పిలుస్తారు. అంతే, తెర నల్లబడిపోతుంది. పిన్ని చాలాసేపు ఆ నల్లటి తెర ముందు అలాగే కూర్చుందట. తర్వాత నాకు ఫోన్ చేసింది.

"తలుపెనకాల ఎవులున్నారే?"

"ఎవరూ లేరు పిన్నీ. ఆట తయారుచేసే కుర్రాళ్ళు అక్కడిదాకా కట్టి ఆపేశారు. తలుపు వెనక ఇంకా కట్టలేదు."

"కట్టనోడు తలుపెందుకు పెడతాడే," అంది. నాతో వాదించి నెగ్గినవాళ్ళు మా ఇంట్లో తక్కువ. ఆ మాటతో పిన్ని వాళ్ళలో చేరింది.

ఆ తలుపు కోసం ఆవిడ ఏళ్ళ తరబడి ఎదురుచూసింది. ఇదిగో వస్తుందనేవారు, మళ్ళీ వాయిదా అనేవారు. మా అమ్మాయి ఫోన్‌లో వార్త చెప్పగానే పిన్ని "సరే లా" అని ఊరుకునేది. ఆట వెనక్కి జరిగినప్పుడల్లా ఆవిడ ఒంట్లో ఏదో ఒకటి ముందుకి జరిగేది. చక్కెర జబ్బు ఎప్పటినుంచో ఉంది. ఒకసారి వాయిదా పడేసరికి కాలివేళ్ళు మొద్దుబారాయి. ఇంకోసారి పడేసరికి మడమ పుండు మానలేదు. నేను ఈ రెండు లెక్కలూ కలిపి చెబితే, "ఆటకీ కాలికీ ఏటి సంబంధం," అనేది. సంబంధం లేదు. కాలం రెండింటికీ ఒకటే, అంతే.

తినే విషయంలో ఆవిడ అబద్ధాలకి అంతు లేదు. నాతో టీ కొట్టుకి వస్తే, అందరికీ వినబడేట్టు "కోపీ ఓ కోసోంగ్" అని కేకేసేది. పాలూ చక్కెరా ఏమీ లేని నల్ల కాఫీ. మొదటిసారి టీ మాస్టర్ గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయి ఆవిడవైపు చూశాడు. రోజూ తియ్యటి గడ్డపాలు రెండు చెంచాలు ఎక్కువ వేయమని అడిగే మనిషి ఇవాళ ఇలా అంటుందేమిటని అతని అయోమయం. "ఆడికి సెవుడు," అంది పిన్ని నాతో.

చివరికి క్లినిక్‌లో నర్సు చెప్పింది. పెద్దాసుపత్రికి వెళ్ళి కళ్ళు చూపించుకోవాలి, ఆలస్యం చేస్తే చూపు పోతుంది, పోయింది తిరిగి రాదు. ఆసుపత్రిలో రోజు కూడా ఇప్పించింది. సరిగ్గా ఆ వారమే మూడో ఆట వస్తుందని ఖాయమైంది.

"ఎల్తాను గానీ, ఆట అయినాక ఎల్తాను," అంది పిన్ని.

"నీకు బుద్ధుందా? ఆట ఎక్కడికీ పోదు. కళ్ళు పోతాయి."

"మందేసి, కత్తెట్టి, టీవీ సూడొద్దంతారే. మీ మావయ్యకి అలగే సేసినారు కదా. ఆనక ఆడు సూసిందేటి? గోడ." చేతిలో ఉన్న వక్కపలుకు నోట్లో వేసుకుంది. "ముందు ఆ తలుపెనకాల సూసొస్తాను. ఆనక ఈ కళ్ళు ఏటి సేసుకుంతారో సేసుకోమను."

నేను అరిచాను. బతిమాలడం నాకు చేతకాదు, అరవడమే వచ్చు. ఆసుపత్రి రోజు వచ్చింది, వెళ్ళిపోయింది.

ఆట వచ్చిన వారం ఊరంతా పొగ. ప్రతి ఏడూ కాకపోయినా, కొన్నేళ్ళకోసారి సముద్రం అవతల అడవులు తగలబడి ఆ పొగ మా మీదికి వస్తుంది. బళ్ళు మూసేశారు, నేను నడిపే ట్యూషన్ సెంటరూ మూసేశాను. పిన్నిని కారులో ఎక్కించుకుని ఆట డిస్కు తేవడానికి క్లాంగ్ వెళ్ళాను. రోడ్డుకి అటూ ఇటూ పామాయిల్ తోటలు కనబడడం లేదు. పైన సూర్యుడు ఎర్రగా, కాంతి లేకుండా, ఎవరో కొట్టినట్టు ఉబ్బి ఉన్నాడు. ముఖానికి మాస్కు కట్టుకుని పక్క సీట్లో కూర్చున్న పిన్ని కొంగుతో కారు అద్దం లోపలివైపు తుడుస్తూనే ఉంది.

"మురికి అద్దానికి లేదు పిన్నీ, బయట ఉంది."

"నువ్వు రోడ్డు సూసి నడుపు," అంది. తుడవడం ఆపలేదు.

ఇంటికి వచ్చాక డిస్కు పెట్టెకి నాలుగు మూలలా పసుపు రాసింది, మధ్యలో కుంకుమ బొట్టు పెట్టింది. కొత్త మోటార్‌సైకిల్ వస్తే ఎలా చేస్తామో అలాగే. బండికైతే చక్రం కింద నిమ్మకాయ పెట్టి తొక్కిస్తాం. ఇక్కడ చక్రం లేదు. నిమ్మకాయ చేతిలో పట్టుకుని కాసేపు ఆలోచించి, గుమ్మంలో పెట్టి తన కాలితోనే తొక్కింది. మొద్దుబారిన కాలు. నిమ్మకాయ పగిలిందో లేదో నన్ను చూడమంది.

పగిలింది. ఆట మొదలైంది.

ఆ ఆట గురించి నా అభిప్రాయం ఎవరూ అడగలేదు, అయినా చెబుతాను. చెత్త. మనోడికి గడ్డం నెరిసింది, నోరు పెరిగింది. ఇదివరకు రెండు ఆటల్లో కలిపి నాలుగు మాటలు మాట్లాడని మనిషి, ఇప్పుడు ప్రతి మలుపులోనూ ఆగి తన బాధలు చెప్పుకుంటాడు. ఎటు వెళ్ళాలో చూపించే పచ్చటి బాణాలు దారి పొడుగునా. జంతువులు వరసలో నిలబడి, ఒకదాని వంతు అయ్యాక ఇంకోటి వచ్చి పొడిపించుకుంటాయి. ఇక ఆ తలుపు. ఇన్నేళ్ళు తెరిచీ తెరవకుండా పెట్టిన తలుపు. మొదలుపెట్టిన కాసేపటికే మనోడు దాన్ని భుజంతో తోసి లోపలికి వెళ్ళాడు. లోపల ఒక ముసలాడు కుర్చీలో కూర్చుని ఉన్నాడు. వాడు పాత సంగతులన్నీ ఏకరువు పెట్టి, దగ్గి, చచ్చిపోయాడు. వాడి వెనక ఒక దుకాణం. మనోడికి కొత్త కోట్లు ఎంచుకోవచ్చు.

"దీనికోసమా," అన్నాను. "దీనికోసమా పిన్నీ, ఇన్నేళ్ళు? దొంగ వెధవలు. ముసలాణ్ణి పెట్టడానికి ఇంత కాలం పట్టిందా వాళ్ళకి?"

పిన్ని డిస్కు పెట్టెను కుడివైపూ పెట్టలేదు, ఎడమవైపూ పెట్టలేదు. ఒళ్ళో పెట్టుకుని, దాని మీది పసుపుని బొటనవేలితో రుద్దుతూ కూర్చుంది. "ఇది ఆ తలుపు కాదులే," అంది. "ఇన్నాళ్ళు ఆపి ఇది సూపించరు. లోపల ఇంకోటుంతాది."

తర్వాత రోజూ ఫోన్లు. మొదట్లో ఫిర్యాదులన్నీ నా ఫిర్యాదులే. నాకు సంతోషంగానే ఉండేది. ఇద్దరికీ నచ్చనిది ఒకటి దొరికితే మాట్లాడుకోవడానికి ఎంత హాయి. తర్వాత ఆవిడ ఫిర్యాదులు మారాయి.

"పొగెట్టేసినారే ఆటలో. ఎక్కడ సూసినా పొగే."

"సరిగ్గా గీయడం చేతకానివాళ్ళు అలాగే పొగ పెడతారు," అన్నాను. ఊరంతా పొగ, ఆట చూస్తే చెత్త, ఎవరైనా అలాగే అనుకుంటారు.

ఇంకో రోజు: "కుడేపు నుంచి వొచ్చినోళ్ళు కానరాటం నేదు. మీద పడినాకే తెలస్తంది. ఇది మోసం కదేటి?"

ఇంకో రోజు, గొంతు తగ్గించి: "నల్ల తాడు లాటిది యేలాడతంది తెర మీద. నాను ఎటు తిరిగితే అటు వస్తంది."

మనిషి ఎటు తిరిగితే అటు తిరిగేది ఏ ఆటలోనూ ఉండదు. మర్నాడు పొద్దున్నే బంటింగ్ వెళ్ళాను.

పొగ లోపలికి రాకుండా కిటికీలన్నీ మూసేసి ఉన్నాయి. టీవీని గోడ దగ్గర నుంచి ముందుకి లాగింది. తెరను ఎన్నిసార్లు తుడిచిందో, నీటి చారలు ఎండి ఉన్నాయి. తెరకి జానెడు దూరంలో పీట వేసుకుని కూర్చుంది. మెడ ఒక పక్కకి వంచి, కుడి భుజం ముందుకి పెట్టి, తాడు పక్కనుంచి తొంగి చూస్తున్నట్టు చూస్తోంది. నేను వెనక నిలబడి తెర చూశాను.

తెర మీద మిట్టమధ్యాహ్నం. ఉప్పు మడులు, తెల్లటి ఎండ, కనుచూపు మేర ఒక్క మబ్బు లేదు. పొగ లేదు. తాడు లేదు. కుడివైపు నుంచి ఒక జంతువు, ఎండలో మెరుస్తూ, తొందరేమీ లేకుండా నడుచుకుంటూ వచ్చి మనోణ్ణి కొట్టింది. మనోడు పడిపోయాడు. మళ్ళీ లేచాడు. అది మళ్ళీ అలాగే నడుచుకుంటూ వచ్చింది.

"సూసినావా, ఎక్కడినుంచి వస్తాడో తెల్దు," అంది పిన్ని.

"పిన్నీ, పొగ లేదు."

"ఉన్నాది."

"లేదంటున్నాను కదా. ఎండగా ఉంది. నీ కళ్ళు పిన్నీ, ఆట కాదు. చక్కెర నీ కళ్ళలోకి వచ్చేసింది. లే, కారెక్కు."

"నా కళ్ళకేటి? నాయి ఫ్యాక్టరీ కళ్ళు." ఇప్పుడు నావైపు తిరిగింది. తిరిగింది గానీ, నా ముఖానికి కొంచెం పక్కగా చూసి మాట్లాడింది. "నీ దిష్టే ఇది. మొదటి రోజే సెత్త సెత్త అని కూసినావు. నీ నోరు మంచిది కాదు, నీ కన్ను అంతకన్నా మంచిది కాదు. ఆ రోజు నుంచే పొగెట్టినాది."

"టీవీకి దిష్టా?"

"ఎందుకు తగలదు? పాలిచ్చే ఆవుకి తగల్దా? సెప్పులిప్పు."

మా ఎస్టేట్ వాళ్ళ పద్ధతి అది. ఎవరి దిష్టి అనుమానమో వాళ్ళ కాలికింద మట్టి చిటికెడు తీసి, ఉప్పూ ఎండుమిరపకాయల్లో కలిపి, దిష్టి తగిలిన దానికి చుట్టూ తిప్పి నిప్పుల్లో వేస్తారు. నేను డిగ్రీ చదివినదాన్ని, ట్యూషన్ సెంటర్లో పిల్లలకి సైన్సు చెబుతాను, మా పిన్ని వరండాలో చెప్పులు విప్పి నిలబడ్డాను. అది చేస్తే కారెక్కుతానని మాట ఇచ్చింది కాబట్టి నిలబడ్డాను. ఆవిడ వంగి నా పాదం కింద నేల తడిమింది. మట్టి దొరికే చోటు కాకుండా పక్కన తడుముతోంది. నేనే కాలు జరిపి ఆవిడ వేళ్ళ కిందికి తెచ్చాను.

కొబ్బరి చిప్పలు అంటించి బొగ్గులు చేసింది. గుప్పెట్లో ఉప్పూ మిరపకాయలూ పట్టుకుని టీవీ చుట్టూ మూడుసార్లు తిప్పింది. "ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి, నా అక్క కూతురు దిష్టి," అంది. ఆ మూడోది ఆవిడే చేర్చింది. గుప్పెడూ నిప్పుల్లో వేసింది.

కిటికీలు మూసి ఉన్నాయి. గది నిండిపోయింది. నాకు దగ్గు ఆగలేదు, కళ్ళు మండి నీళ్ళు కారిపోతున్నాయి. ఆ ఘాటుకి గోడ మీద బల్లి కూడా పరిగెత్తి పోయింది. టీవీ ఉన్న చోట ఒక మసక వెలుగు మాత్రమే. పిన్ని ఆ పొగ మధ్యలో కదలకుండా నిలబడి, చెయ్యి చాచి నా మోచెయ్యి పట్టుకుంది.

"ఇదిగో," అంది. ఆవిడ గొంతులో గెలుపు. "ఇదే పొగ. ఆటలో ఇలగే ఉంతాది. ఇప్పుడు నీకూ కానొచ్చిందా?"

నేను వెళ్ళి వీధి తలుపు తెరిచాను. కిటికీలు తెరిచాను. ఫ్యాన్ పెంచాను. మిరపకాయల పొగ కొంచెం కొంచెంగా గుమ్మం దాటి వెళ్ళిపోయింది. గదిలో సోఫా కనబడింది, కాలెండరు కనబడింది, తెర మీద ఉప్పు మడుల మీద మళ్ళీ ఎండ కాసింది. పిన్ని ఉన్నచోటే ఉంది.

"పోయిందా పిన్నీ?"

"ఏటి?"

"పొగ."

నలువైపులా చూసింది. "ఎందుకు పోతాది?" అంది.

మాటకి కట్టుబడి కారెక్కింది. దారిలో అద్దం తుడవలేదు.

ఆసుపత్రిలో డాక్టరు చిన్నది, మా అమ్మాయి వయసుంటుంది. కంటి లోపలి ఫొటోలు కంప్యూటర్లో చూపించింది. కుడి కన్ను లోపల రక్తం చిమ్మి నిండిపోయింది. వెనక పొర కూడా ఊడి వచ్చింది. ఆ కంటి మీద ఆశ లేదని చెప్పింది. ఎడమ కంట్లో ఇప్పుడే మొదలైంది, నెలనెలా వచ్చి ఇంజెక్షన్ వేయించుకుంటే ఆ కన్ను నిలబెట్టవచ్చు. ఎప్పటినుంచి ఇలా ఉందని మలయ్‌లో అడిగింది.

"మూడో ఆట వచ్చిన కాడి నుంచి," అంది పిన్ని నాతో. "సెప్పు."

చెప్పాను. డాక్టరు రాసుకోబోయి ఆగి నావైపు చూసింది.

"నాను ఒకటడగాల," అంది పిన్ని. "పొగ నాదా, ఆటదా? సరిగ్గా అడుగు."

అడిగాను. మీదే అమ్మా అంది డాక్టరు, మెత్తగా. పిన్ని ఆలోచించింది.

"సగం," అంది. "ఆట కూడా బాగునేదు డాక్టరూ. ఈ గుంటనడుగు."

"ఆట కూడా బాగాలేదు," అన్నాను మలయ్‌లో. అది సాక్ష్యం. నేను ప్రమాణం చేసి చెప్పగలను.

ఇంజెక్షన్ కంట్లోనే గుచ్చుతారు. మొదటిసారి వేశాక, ప్లాస్టిక్ మూత పెట్టిన కంటితో బయటికి వచ్చి, "సూది వస్తంటే కానొచ్చిందే," అంది. "ఎంత పెద్దగా కానొచ్చినాదో. ఇన్నాళ్ళకి ఒకటి సరిగ్గా కానొచ్చింది." నవ్వింది. నేను నవ్వలేదు.

ఇంజెక్షన్ వేసిన వారం పది రోజులకి ఎడమ కన్ను కొంచెం తేటపడేది. ఆ తేట రోజుల్లో ఇల్లు చూసుకోవచ్చు, మనుషుల్ని చూడొచ్చు, గుడికి వెళ్ళొచ్చు. ఆవిడ ఆ రోజులన్నీ టీవీ ముందు పెట్టింది. "ఇంకో తలుపుంతాది," అనేది. ఇంటర్నెట్‌లో చూశాను, చివరిదాకా ఆడినవాళ్ళు చెప్పారు, ఏ తలుపూ లేదు, ముసలాడే ఆఖరు, చివర్లో మనోడు పడవెక్కి వెళ్ళిపోతాడు, అంతే అని చెప్పాను. "ఆళ్ళు సూడనేదు," అంది. అలా అన్న నెలలోనే ఆసుపత్రికి వెళ్ళడం మానేసింది. నాకు వెళ్ళానని చెప్పింది. కోపీ ఓ కోసోంగ్ లాంటి వెళ్ళడం అది. మందుల దుకాణంలో ఆసుపత్రి నర్సు ఎదురై, మీ పిన్ని రావడం లేదేమని అడిగేదాకా నాకు తెలియదు.

ఆ మధ్యాహ్నమే వెళ్ళాను. దారి పొడుగునా ఏం తిట్టాలో వరసగా పేర్చుకుంటూ వెళ్ళాను. పొగ రోజులు పోయి చాలాకాలమైంది. వాన కురిసి వెలిసింది, వీధిలో ప్రతి ఆకూ విడివిడిగా కనబడుతోంది. తలుపు తీసే ఉంది. లోపలి నుంచి అడుగుల చప్పుడు. రాతి మీద ఎవరో ఆగకుండా పరిగెడుతున్నట్టు, ఒకే తీరున.

పిన్ని పీట మీద ఉంది. తెరకి ఎదురుగా కాదు, కొంచెం పక్కకి తిరిగి కూర్చుంది. చేతిలోని ఆట రిమోట్ మీది బుడిపెను బొటనవేలితో ముందుకి నొక్కి పట్టుకుంది. గోరు తెల్లబడిపోయింది.

"వొచ్చినావా," అంది. "కూకో. ఎంత దూరమెట్టినారే ఈ దారి. పొద్దున్న నుంచి పరిగెడతన్నాడు మనోడు."

తెర మీద ఒక రాతి గోడ. తెర నిండా గోడే. రెండు కత్తులవాడు దానికి ముఖం ఆనించి, కాళ్ళు ఆడిస్తూ, ఉన్నచోటే పరిగెడుతున్నాడు.

పేర్చుకున్న తిట్లన్నీ ఉన్నాయి నోట్లో.

"పిన్నీ, గోడ," అన్నాను. "వాడు వెళ్ళడం లేదు. ముందు గోడుంది."

బొటనవేలు తీయలేదు. వాడి అడుగులు అలాగే వినబడుతున్నాయి.

"తెలుసు," అంది. "కొన్ని గోడలు అలగే ఉంతాయి. నొక్కి పట్టుకుంతే తెరుచుకుంతాయి. దగ్గిరికెళ్ళి సూడు. పగులేటైనా ఉన్నాదేమో."

టీవీ ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాను. ముఖం తెరకి దగ్గరగా పెట్టి, ఒక్కో రాయీ చూసుకుంటూ పైనుంచి కిందికి వచ్చాను.

"లేదు పిన్నీ."

"సరిగ్గా సూడు," అంది వెనకనుంచి. "నీకెప్పుడూ ఓపిక నేదు."

మళ్ళీ పై నుంచి మొదలుపెట్టాను.